పెద్ద ఆర్డరు వద్దన్నాం, కారణం ఇదీ

మా దగ్గర బట్టలు కుట్టించుకునే అందరికీ వందనాలు.

ఒక పెద్ద కంపెనీ తమ సిబ్బంది యూనిఫారాలన్నీ మాకే ఇస్తామని వచ్చింది. మేం ఒప్పుకోలేదు. పైగా ఈ నెల నుంచి రాత్రి షిఫ్టు తీసేస్తున్నాం, ఆదివారం మిషన్లు ఆపేస్తున్నాం. మీ డెలివరీ తేదీలు కొంత వెనక్కి జరుగుతాయి. ఇబ్బంది పడేది మీరు కాబట్టి కారణం దాచకుండా చెప్పాలి.

ఆ ఆర్డరు మీద నాకు చాలా ఆశ పుట్టింది. మనసులోనే కొత్త మిషన్లు కొనేశాను, రెండో షాపు తెరిచేశాను. అయితే వాళ్లడిగిన తేదీకి సరుకు ఇవ్వాలంటే మా టైలర్లు అర్ధరాత్రి దాకా మిషన్ల ముందు కూర్చోవాలి. మీరిచ్చిన గుడ్డలేమో మూటల్లోనే పడి ఉండాలి. పేరు, లాభం నావి, అలసట వాళ్లది, ఎదురుచూపు మీది.

అప్పుడు బైబిల్లో యాకోబు పత్రిక (యాకోబు రాసిన ఉత్తరం) నాలుగో అధ్యాయం తీశాను. ఫలానా పట్టణానికి వెళ్దాం, ఏడాది ఉందాం, వ్యాపారం చేసి లాభం తీద్దాం అనుకునేవాళ్లతో యాకోబు మాట్లాడతాడు అక్కడ. వ్యాపారం తప్పని ఎక్కడా అనడు. రేపేమి జరుగుతుందో తెలియని మనిషి దేవుణ్ణి అడగకుండానే ఏడాది లెక్క వేసుకోవడం అతనికి గర్వంగా కనిపించింది. "ప్రభువు చిత్తమైతే" అని మొదలుపెట్టమన్నాడు. తర్వాతి అధ్యాయంలో ఇంకా గట్టిగా చెప్పాడు: పనివాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందట, ఆ కేక దేవుని చెవిన పడుతుందట. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న మాటలే. ఇప్పుడు కూలి ఇచ్చే చోట నిలబడి వింటుంటే ఒళ్లు జలదరించింది.

తొలి క్రైస్తవుల సంగతి కూడా చెప్పాలి, నాకు బలం ఇచ్చింది అదే. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియను (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) పాలించిన ప్లినీ అనే రోమా అధికారి వాళ్లను విచారించి ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడతారు, తర్వాత ఒట్టు పెట్టుకుంటారు అన్నాడు. ఏమని ఒట్టు? దొంగతనం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, తమ దగ్గర దాచిన సొమ్ము తిరిగి అడిగితే లేదనబోమని. ఆ నమ్మకానికి ప్రాణాలు పోయే రోజుల్లో వాళ్ల ఆరాధన నేరుగా డబ్బు లావాదేవీల్లోకి వచ్చింది చూడండి! ఆదివారం సెలవు కూడా అప్పటికి లేదు, అది క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆజ్ఞతో వచ్చింది. పనికి వెళ్లేముందు చీకట్లోనే లేచి మరీ దేవుణ్ణి ముందు పెట్టుకున్నారు వాళ్లు. మాకు ఆ కష్టం లేదు, మిషన్లు ఆపితే చాలు.

కోరిక లేనట్టు నటించడం దీనత్వం కాదని నా నమ్మకం. సిలువ వేయడానికి ముందు రాత్రి గెత్సేమనే అనే చోట యేసు తన కోరికను తండ్రి అయిన దేవుడికి దాచలేదు. ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగిపోతే బాగుండునని అడిగాడు. అడిగాక, "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. ఆ వరుసే నేను నేర్చుకుంటున్నాను. యూనిఫారాల ఆర్డరు ఇప్పటికీ లోపల లాగుతూనే ఉంది, ప్రార్థనలో ఆ మాట కూడా చెబుతున్నాను.

మీలో చాలామంది మా విశ్వాసం వాళ్లు కాదు. మా నిర్ణయానికి మీరెందుకు ఆగాలి అనిపిస్తే అది న్యాయమైన మాటే. అందుకే, కొత్త తేదీ కుదరనివాళ్లు చెప్పండి. కత్తెర పడని గుడ్డ ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తాం, అడ్వాన్సు పూర్తిగా అప్పుడే చేతికిస్తాం. కత్తిరించినవి మాత్రం ముందు చెప్పిన తేదీకే పూర్తి చేస్తాం, వాటిని మార్చడం లేదు. పెళ్లి బట్టలున్నవాళ్లు తేదీ ఇంకోసారి గుర్తుచేయండి, వాటినే ముందు మిషన్ మీదికి ఎక్కిస్తాం.

మా టైలర్ల కూలి ఇకనుంచి శనివారం సాయంత్రమే ఇచ్చేస్తున్నాం, మీ దగ్గరినుంచి బిల్లు వచ్చినా రాకపోయినా. కాబట్టి కుట్టిన బట్టలు తీసుకెళ్లేటప్పుడే బాకీ కట్టేస్తే మాకు పెద్ద సాయం.