పేరు రాయొద్దన్న ఫిజిక్స్ మేడం గారికి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇది ఇవాళే రాయాలి.

మా బడికి ఇంటర్నెట్ లేదు. అయినా ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ట్యాబుల్లో వీడియో పాఠాలు చూస్తున్నారు, క్విజ్‌లు చేస్తున్నారు. ఇది మా ఎవరికీ ముఖపరిచయం కూడా లేని, వేరే జిల్లాలో పనిచేసే ఒక ఫిజిక్స్ మేడం పుణ్యం. పేరు రాయొద్దని మాట తీసుకున్నారు కాబట్టి మేడం అనే రాస్తున్నాను.

టీచర్ల వాట్సాప్ గ్రూపులో కొలిబ్రి గురించి అడిగితే ఫోన్ చేసింది ఆమె ఒక్కరే. (కొలిబ్రి అంటే నెట్ లేని బడుల కోసం లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థ ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్.) ఆ తర్వాత ఆర్టీసీ కార్గోలో ఒక చిన్న పార్సిల్ వచ్చింది. అందులో పాఠాలు నింపిన పెన్‌డ్రైవ్, పాత ప్రశ్నపత్రాల వెనక వైపు చేత్తో రాసిన కాగితాలు. ప్రతి సూచన కింద "ఎందుకంటే" అని మొదలుపెట్టి కారణం రాశారు. రేపు తాను ఫోన్ ఎత్తలేకపోయినా మా పని ఆగకూడదని! అది చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదు. పెన్‌డ్రైవ్ డబ్బులు పంపిస్తానంటే, "ఆ డబ్బుతో రౌటర్‌కి కరెంటు బ్యాకప్ కొనండి" అన్నారు.

ఆ కాగితాల్లోది అందరికీ అందాలన్నది ఆమె కోరిక. ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

సర్వర్‌గా, అంటే పాఠాలు తనలో ఉంచుకుని ట్యాబులకు అందించేదిగా, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ సరిపోతుంది. కొలిబ్రి ఇన్‌స్టాల్ చేశాక డివైస్, ఛానెల్స్, ఇంపోర్ట్ వరుసలో వెళ్లి పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. కొలిబ్రి డేటా అనే ఫోల్డరు పెన్‌డ్రైవ్ తెరవగానే కనబడాలి. ఇంకో ఫోల్డర్ లోపల పెడితే సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లకు పాఠాల పేర్లు ఉండవు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి పేర్లుంటాయి. వైరస్ అనుకుని ఎవరో ఒకరు చెరిపేస్తారు. అందుకని పెన్‌డ్రైవ్ మీదే "ఇవి పాఠాలు, చెరపొద్దు" అని చీటీ అంటించి పంపారు ఆమె.

ట్యాబులను లాప్‌టాప్‌కు కలపడానికి దాని హాట్‌స్పాట్‌తోనే పని కానిచ్చేద్దాం అనిపిస్తుంది. కానీ విండోస్ హాట్‌స్పాట్‌కు ఎనిమిది పరికరాలకు మించి కలవవు. తరగతికి రౌటర్ ఉండాల్సిందే. దానికి నెట్ కనెక్షన్ అక్కర్లేదు. లాప్‌టాప్ నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ అని రాసున్న రంధ్రంలో కాకుండా లాన్ రంధ్రంలో పెట్టాలి. వాన్‌లో పెడితే లాప్‌టాప్ బయటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు లెక్క, ట్యాబులు దాన్ని చేరలేవు. రౌటర్ సెట్టింగుల్లో గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ల కోసం ఇచ్చే విడి వైఫై) వాడొద్దు. అది సాధారణంగా ఒక పరికరాన్ని ఇంకొకదానికి కనబడనివ్వదు. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే సెట్టింగులో లాప్‌టాప్‌కు ఒక ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు) ఖాయం చేయాలి. లేకపోతే ఏదో ఒక రోజు కరెంటు పోయి వచ్చాక అడ్రసు మారిపోయి, ట్యాబు బ్రౌజర్‌లో కొట్టడానికి గోడ మీద రాసిన 192.168.0.50:8080 పనికిరాకుండా పోతుంది.

కొలిబ్రి లాప్‌టాప్‌లో తెరుచుకుని ట్యాబుల్లో తెరుచుకోకపోతే అనుమానించాల్సింది ఫైర్‌వాల్‌ను, అంటే విండోస్‌లోని కాపలా సాఫ్ట్‌వేర్‌ను. కొత్త నెట్‌వర్క్‌ను విండోస్ పబ్లిక్ కింద లెక్కేసి బయటి నుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది. దాన్ని ప్రైవేట్‌కు మార్చాలి. అప్పటికీ కాకపోతే కొలిబ్రి వాడే 8080 పోర్టుకు ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్ (లోపలికి రానిచ్చే అనుమతి) ఇవ్వాలి. సిమ్ ఉన్న ఫోన్లలో మొబైల్ డేటా ఆపాలి, ఎందుకంటే ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించగానే ఫోన్ తనంతట తానే డేటాకు మారిపోతుంది. లాప్‌టాప్ మూత మూసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చిపెట్టాలి.

వీడియో మసకగా కనబడినా ఫరవాలేదు, ఆగి ఆగి వస్తే పిల్లల ధ్యాస పోతుంది అంటారు ఆమె. తరగతి మొత్తం ఒకేసారి 1080పీ వీడియో చూస్తే మామూలు రౌటర్ మోయలేదు. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫాస్ట్ 480పీ30 ప్రీసెట్‌తో మార్చితే చాలు. కొత్త ఫోన్లలో తీసిన పాఠాలు కొన్ని హెచ్.265 అనే కొత్త వీడియో పద్ధతిలో ఉంటాయి. పాత ట్యాబుల్లో వాటికి గొంతు వినబడుతుంది, బొమ్మ రాదు. అలాంటప్పుడు ట్యాబు పాడైందనుకోకుండా వీడియోను పాత పద్ధతైన హెచ్.264కు మార్చాలి.

కొలిబ్రిలో పిల్లలు పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యేలా ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే పీరియడ్‌లో మొదటి పావుగంట మిగులుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది టీచర్లు చూసే కోచ్ పేజీ. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తడబడ్డారో క్విజ్ అయిన వెంటనే చూపిస్తుంది. మర్నాడు ఏ లెక్క మళ్లీ చెప్పాలో అప్పుడే తెలిసిపోతుంది.

ఇంత మేలు మాకు ఒక తోటి టీచర్ సొంత ఖర్చుతో చేయాల్సి రావడం బాధగా ఉంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ముద్రిస్తారు, అవి తెరవడానికి నెట్ మాత్రం బడికి రాదు. పాఠాలు చూపే పెద్ద డిజిటల్ ప్యానెల్ గోడకు బిగిస్తారు, అది ఆగిపోతే చూసే మనిషిని ఇవ్వరు. శిక్షణ అంటే హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం, ఫొటో అప్‌లోడ్ చేయడం. పిల్లలు వంద దాటి 250 లోపు ఉన్న బడికి సమగ్ర శిక్ష పథకం కాంపోజిట్ గ్రాంటు (బడి ఖర్చులకిచ్చే నిధి) నిబంధనల ప్రకారం ఏడాదికి 50,000 రూపాయలు. అందులో పది శాతం స్వచ్ఛతకే పోవాలి. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ అందులోనే. ఇక రౌటర్‌కు, కేబుల్‌కు మిగిలేదెంత? మండలానికి ఒక్క టెక్నీషియన్‌ను పెట్టినా ఎన్ని బడుల్లో మూలపడ్డ పరికరాలు లేస్తాయో ఆలోచించండి సార్.

ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు. హెచ్ఎం సార్ ల్యాబ్ తాళం చెవి నా దగ్గరే ఉంచుకోనిచ్చారు.

కంప్యూటర్ షాపు తమ్ముడు కేబుల్‌కు రెండు వైపులా కనెక్టర్లు వేసి కూలి తీసుకోలేదు, థాంక్స్ తమ్ముడూ. చీకటిపడేదాకా గేటు తెరిచి ఉంచిన అటెండర్ అన్నకు, ట్యాబులన్నీ చార్జింగ్ పెట్టి నంబర్లు అంటించిన తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు కూడా. సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారిని మరిచిపోయాను, కార్గో ఆఫీసు నుంచి పార్సిల్ తెచ్చింది ఆయనే.

అయ్యో, అంగన్‌వాడీ టీచరమ్మను వదిలేశాను! మా రౌటర్ అడాప్టర్ కాలిపోతే తమది ఇచ్చారు. మేడం కాగితంలో రాసినట్టే దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని చూసుకున్నాకే గుచ్చాను. 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు, మీరూ చూసుకోండి. టీచరమ్మా, కొత్తది సోమవారం వస్తుంది, రాగానే మీది తెచ్చిస్తాను.