సిలువ కిటికీ పెట్టించే ముందు

ఒరేయ్ సుధాకర్,

మీ చర్చి ఫొటోలు అందాయి. బలిపీఠం వెనక కిటికీకి రంగుటద్దాల్లో సిలువ పెట్టించాలని కమిటీ తీర్మానించిందన్నావు, సంతోషం. ఎవరితో చేయించాలన్నది తర్వాతి సంగతి. ముందు ఆ కిటికీ ఏ దిక్కునుందో చెప్పు. తూర్పయితే ఆదివారం పొద్దున ఎండ నేరుగా అందరి కళ్లలో కొడుతుంది. లేత రంగులు వేశారంటే వాక్యం చెప్పే పాస్టరుగారి మొహమే కనపడదు. అక్కడికి ముదురు నీలం, ముదురు ఎరుపే తగినవి.

అసలు బొమ్మ కావాలా వద్దా అన్నది కూడా సంఘంలో మాట్లాడండి. ఇది పాత తగాదాయేలే. పారిస్ దగ్గర సెయింట్ డెనీ మఠాధిపతి సుజే, 1144లో ప్రతిష్ఠించిన తన చర్చి తూర్పు భాగాన్ని రంగుటద్దాలతో నింపేశాడు. కంటికి కనపడే వెలుగు మనసుని అసలైన వెలుగు దగ్గరికి చేరుస్తుందని ఆయన నమ్మకం. ఆ శతాబ్దంలోనే సిస్టర్షియన్ సన్యాసులు కిటికీలు తెల్లగా ఉండాలి, బొమ్మలూ సిలువలూ వద్దని నియమం పెట్టుకున్నారు. అయినా చెయ్యి ఊరుకుంటుందా? గాజుముక్కల్ని కలిపే సీసపు పట్టీల గీతలతోనే అందమైన అల్లికలు తీశారు. మీలాంటి చిన్న మందిరానికి నా ఓటు వాళ్లకే, ఖర్చూ తక్కువ.

ఒకసారి కమిటీని మెదక్ కెథడ్రల్‌కి తీసుకెళ్లు. అక్కడ క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం మూడు కిటికీల్లో ఉన్నాయి. పగలు చూసినవాటినే పొద్దుగూకాక లోపలి నుంచి చూడమను, నల్లపలకల్లా ఉంటాయి. మీవాళ్లకి ఆల్‌నైట్ ప్రేయర్లు ఎక్కువ కదా! రాత్రి లోపల లైట్లు వేస్తే ఆ రంగులు వీధిలోవాళ్లకే కనపడతాయి. కొందరికి అదే నచ్చొచ్చు.

ఇక సిలువ గీయడంలో పెద్ద చిక్కొకటుంది. డిజైనర్లు కంప్యూటర్లో సిలువ చేతుల కింద నేపథ్యాన్ని ఒకే ఎల్ ఆకారపు ముక్కగా గీసేస్తారు. లోపలికి తిరిగిన మూలని గాజు అలా తెగనివ్వదు. ఎలాగోలా కోసినా, తర్వాత వేడికో ఒత్తిడికో ఆ మూల నుంచే బీట వస్తుంది. అందుకని ప్రతి మూల నుంచీ అంచు దాకా ఏటవాలుగా ఒక సీసపు గీత లాగించు. చూసేవాళ్లకి అది సిలువ నుంచి వచ్చే కిరణం, గాజుకి ప్రాణం.

ఇంకోటి. నీలం దూరానికి ఉబ్బి పక్క రంగు మీదకి పొర్లుతుంది, ఎరుపు ఉన్నచోటే ఉంటుంది. నీలం మధ్య ఎర్ర సిలువ పెడితే కాగితం మీదకన్నా సన్నగా, కాస్త ఊదాగా కనపడుతుంది. సిలువని వెడల్పుగా గీయమను.

క్రీస్తు మొహం కావాలని పట్టుబడితే, గాజుపొడి, లోహ ఆక్సైడు కలిసిన రంగుతో గీసి కొలిమిలో 650 డిగ్రీల దగ్గర కాల్చాలి. మామూలు పెయింటుతో సరిపెడతామంటే ఒప్పుకోకు, ఎండకి పెచ్చులూడుతుంది. స్టిక్కరు అంటిద్దామనేవాళ్లూ ఉంటారు. తప్పు కాదుగానీ వెలిసిపోయాక దేవుడి బొమ్మని చించడానికి ఎవరికీ మనసొప్పదు.

పని ఇచ్చేటప్పుడు ఇవి అడుగు. సీసపు పట్టీ నడుము, అంటే రెండు ముక్కల మధ్య ఇమిడే భాగం, సుమారు 1.75 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కోతలో అంత వదులుతున్నారా? లేకపోతే అడ్డంగా పది ముక్కలున్న పలక ఒకటిన్నర సెంటీమీటరు పెరిగి ఫ్రేములో దిగదు. సుద్దపొడి, అవిసెనూనె కలిపిన పుట్టీని సీసం అంచుల కిందకి బ్రష్షుతో కూరాలి, లేకపోతే వాననీళ్లు కారతాయి. అడుగుకొకటి చొప్పున అడ్డంగా ఇత్తడి కమ్మీ పెట్టి రాగితీగతో పలకని దానికి కట్టాలి. సీసం మెత్తన, కమ్మీ లేకపోతే నాలుగు ఎండాకాలాలకి పలక పొట్ట వేస్తుంది. ఎనిమిదడుగుల కిటికీ కాబట్టి ఒకే పలకగా వద్దు, మూడుగా చేయించు.

కొలతలు పంపేటప్పుడు వెడల్పు పైన, మధ్యన, కింద మూడుచోట్లా తియ్యి. ఎత్తు కూడా అంతే. మేస్త్రీ మాట నమ్మకు, టేపు నువ్వే పట్టుకో. అన్నిటికన్నా తక్కువొచ్చిన కొలతలో 3 మిల్లీమీటర్లు తగ్గించి రాసి పంపు.

నీ,
ప్రసాద్