క్రుషినియానీ సమాధి రాళ్ల గురించి పోలండ్ సంస్కృతి మంత్రికి బహిరంగ లేఖ

పోలండ్ సంస్కృతి, జాతీయ వారసత్వ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పోలండ్‌లోని బియావిస్తోక్ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. పోలిష్ ప్రతి మీ ఆఫీసుకు పంపాను. మావాళ్లు కూడా చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మీ దేశపు తూర్పు అంచున, బెలారుస్ సరిహద్దుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రుషినియానీ గురించి ఈ లేఖ. చెక్క ఇళ్లు, పొలాలు, అడవి ఉన్న చిన్న ఊరు. అది తాతార్ల ఊరు అయిందే జీతం బకాయిల వల్ల. 1672లో జీతాలు అందక, పాత హక్కులు పోయి, పోలండ్ రాజు కొలువులోని తాతార్ ముస్లిం సైనికులు తిరగబడి టర్కీ సుల్తాను వైపు వెళ్లిపోయారు. వాళ్లను మళ్లీ రప్పించుకుందామంటే రాజు యాన్ సొబియెస్కీ దగ్గర డబ్బు లేదు, భూములున్నాయి. 1679లో ఈ ఊరిని సామ్యూల్ ముర్జా క్షెచోవ్‌స్కీకి, ఆయన మనుషులకు రాసిచ్చాడు. మా దగ్గరి ఇనాం భూముల్లాంటివే అనుకోండి. నాలుగేళ్లకు వియన్నా దగ్గర సుల్తాను సైన్యంతో జరిగిన యుద్ధంలో తాతార్లు సొబియెస్కీ పక్షాన పోరాడారు. సుల్తాను వైపూ తాతార్లే ఉండటంతో, తేడా తెలియడానికి వీళ్లు శిరస్త్రాణాల్లో గడ్డిపరకలు దోపుకున్నారని చెబుతారు.

ఊళ్లోని తాతార్ల ఆకుపచ్చ చెక్క మసీదును మీరు బాగానే చూసుకుంటున్నారు. రెండు బురుజులతో అది చర్చిలా కనిపిస్తుంది, కట్టింది క్రైస్తవ వడ్రంగులు మరి. 2012లో దాన్నీ, శ్మశానాన్నీ మరో తాతార్ ఊరు బొహోనికిలోని మసీదు, శ్మశానాలతో కలిపి చారిత్రక స్మారకంగా ప్రకటించారు కూడా. కానీ టూరిస్టులు మసీదు ముందు ఫొటో దిగి, పొరలు పొరలుగా చుట్టి కాల్చిన పెరెకచెవ్నిక్ అనే తాతార్ వంటకం తిని వెళ్లిపోతారు. వెనక పైన్ చెట్ల మధ్య ఉన్న శ్మశానం దాకా వెళ్లేది కొద్దిమందే.

అక్కడి పాత సమాధులకు పొలాల్లో దొరికిన బండరాళ్లే గుర్తు. నాచు పట్టిన కొన్నింటి మీద వేళ్లతో తడిమితే గానీ అక్షరాలు తెలియవు. అరబిక్, పోలిష్, రష్యన్ మూడూ ఉన్నాయి. రష్యన్ ఎందుకంటే 19వ శతాబ్దంలో ఇక్కడ జార్ పాలన. 2014లో ఎవరో మసీదు మీద పంది బొమ్మ గీసి, సమాధులను కూడా పాడుచేశారు. మూడు వందల ఏళ్లుగా ఉన్నవాళ్లను పరాయివాళ్లంటే ఏం చెప్పాలి!

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి రాయినీ ఫొటో తీయించి, చదివించి, పోలిష్ అనువాదంతో అందరికీ అందుబాటులో పెట్టండి. ఇప్పటికే చేసినవి ఉంటే ఫైళ్లలోంచి బయటికి తీసి, గేటు దగ్గర మ్యాపుతో ఒక బోర్డు పెట్టించండి. చలికి రాళ్ల పగుళ్లలో నీరు గడ్డకట్టి పెచ్చులూడతాయి. వచ్చే మంచు పడేలోపే పని మొదలుపెట్టించమని మనవి.

ఇట్లు,
బియావిస్తోక్‌లోని ఒక తెలుగు ఉద్యోగి