టోర్నమెంటు అయ్యాక గ్రౌండ్ ఎవరిది?

సంపాదకుడు గారికి నమస్కారం.

సంక్రాంతికి మా ఊరు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాద్దామని అనుకుంటూనే ఉన్నాను, ఇప్పటికి కుదిరింది. కనుమ మర్నాడు పొద్దున్నే కాసేపు నడుద్దామని కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే అక్కడ నడిచే పరిస్థితి లేదు. నాలుగు రోజులు టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటు జరిగింది, పక్క జిల్లా నుంచి కూడా టీములు వచ్చాయట, బాగా జరిగిందట. మిగిలినవి మాత్రం షామియానా గుంజలు పాతిన గుంతలు, ట్రాక్టర్ టైర్ల చాళ్ళు, వాటర్ ప్యాకెట్లు, ఫ్లెక్సీ కోసం వేపచెట్టుకి కొట్టిన మేకులు. బౌండరీ గీత దగ్గర వంగి సీసాపెంకులు ఏరుతున్న వాచ్‌మన్‌ని పలకరిస్తే, "ప్రతి ఏడూ ఇంతే బాబూ, ఉగాది దాకా పిల్లలు చెప్పుల్లేకుండా దిగలేరు" అన్నాడు.

ఆడినవాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. నేనూ టోర్నమెంట్లు నడిపేవాణ్ణే, మేమూ ఒకసారి ఇలాగే ఒక పార్కుని పాడుచేశాం. అందుకే రాస్తున్నాను.

నేనుండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్‌లో. ఏడేళ్ళుగా మరో నలుగురితో కలిసి డిస్క్ గోల్ఫ్ అమెచ్యూర్ టోర్నమెంట్ల సిరీస్ నడుపుతున్నాను, ఏడాదికి ఆరు. ఈ ఆట మనవైపు చాలామందికి తెలియదు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. గోల్ఫ్ లాంటిదే, కర్రా బంతీ ఉండవు. టిఫిన్ ప్లేటంత ప్లాస్టిక్ డిస్క్, దాదాపు 175 గ్రాముల బరువు, దాన్ని విసురుకుంటూ వెళ్ళి ఇనప స్తంభానికి గొలుసులు వేలాడుతున్న బుట్టలో వేయాలి, ఎన్ని విసుర్లలో పడిందన్నదే స్కోరు. డిస్క్ తగిలి ఆ గొలుసులు ఝల్లుమన్నప్పటి చప్పుడుకే సగం మంది దీనికి అలవాటు పడతారు. మా అత్తగారు దీన్ని "పళ్ళాల ఆట" అంటారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఫ్రిస్బీ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలో మొదటి శాశ్వత కోర్సు పెట్టించి, ఆ మరుసటి ఏడాదే ఆటగాళ్ళ సంఘం పీడీజీఏని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇక్కడ చాలా ఊళ్ళ మున్సిపల్ పార్కుల్లో 18 బుట్టల కోర్సు ఉంటుంది, ఎక్కువ చోట్ల టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళి ఆడుకోవచ్చు.

అందరి పార్కు కదా, చిక్కంతా అక్కడే.

మొదటి ఏడాది ఇరవై మందికి మించి రాలేదు. ఒక మడత బల్ల, పెన్సిళ్ళు, మా ఇంట్లోంచి మోసుకెళ్ళిన నీళ్ళ క్యాన్, అంతే మా ఆఫీసు. 2020లో కోవిడ్ వచ్చి జిమ్ములూ హాళ్ళూ మూతపడేసరికి, ఆరుబయట దూరం దూరంగా ఆడుకునే ఆట కదా అని జనం దీని మీద పడ్డారు. ఆ తర్వాత మా రిజిస్ట్రేషన్ తెరిచిన గంటలోపు నిండిపోవడం, వెయిటింగ్ లిస్టు, "అన్నా మా కజిన్‌కి ఒక్క స్లాట్" అని మనవాళ్ళ ఫోన్లు. సినిమా టికెట్లు అమ్ముతున్నట్టు ఉండేది, నిజం చెప్పాలంటే గర్వంగానే ఉండేది.

18 బుట్టల దగ్గరా ఒకేసారి ఆట మొదలుపెట్టడం మా పద్ధతి, షాట్‌గన్ స్టార్ట్ అంటారు. బుట్టకి నలుగురు చొప్పున 72 మంది. ఐదుగురు చొప్పున వేస్తే 90 మంది పడతారు, కానీ ఒక్కో చోట నిలబడి ఎదురుచూడ్డం ఎక్కువై రెండో రౌండ్ సాయంత్రం దాకా ఈడుస్తుంది. వెయిటింగ్ లిస్టు చూసి ఆశపడి ఒక వసంతంలో మేము 90కి ఒప్పుకున్నాం. ముందు రెండు రోజులు వాన. వాయిదా వేస్తే డబ్బులు వెనక్కివ్వాలి, తిట్లు తినాలి, అందుకని పెట్టేశాం. సాయంత్రానికి, ఏడో బుట్ట కోసం డిస్క్ విసరడం మొదలుపెట్టే చోటికి వెళ్ళే కాలిబాట రొచ్చురొచ్చు అయింది, ఆ రొచ్చు తప్పించుకోవడానికి జనం పక్కన గడ్డిలోంచి నడిచారు, అక్కడ ఇంకో బాట పడింది, దాని పక్కన ఇంకోటి. సోమవారం పార్కు ఉద్యోగిని ఒకావిడ నన్ను పిలిచి, ఏమీ అనకుండా ఒక ఓక్ చెట్టు మొదట్లోకి తీసుకెళ్ళి చూపించారు. వేళ్ళు బయటపడి, వాటి మీద బూట్ల మట్టి, చెట్టు నడుము ఎత్తున డిస్కులు తగిలి బెరడు ఊడిన మచ్చలు. ఆవిడ అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి వాదించేవాణ్ణి.

ఆస్టిన్‌లోనే పీజ్ పార్క్ అని ఉంది, షోల్ క్రీక్ అనే వాగు పక్కన. అక్కడి డిస్క్ గోల్ఫ్ కోర్సు రెండు దశాబ్దాలకు పైగా నడిచింది, ఊరి నడిబొడ్డున, ఉచితం, ఇక జనానికి కొదవేముంది. తొక్కీ తొక్కీ మట్టి కోసుకుపోయి, చెట్లు దెబ్బతిని, 2011 చివర్లో దాన్ని మూసేశారు. ఆట మీద కోపంతో ఎవరూ మూయలేదు, ఆట మీద ప్రేమ ఎక్కువై ఆ స్థితి వచ్చింది. పాత ఆటగాళ్ళు ఇప్పటికీ ఆ పార్కు పేరెత్తితే నిట్టూరుస్తారు. ఆ కథ వింటూ కూడా మేం 90 మందిని పెట్టామంటే చూడండి.

తర్వాత మేం చేసినవి గొప్ప పనులేమీ కావు. 72కి మించి తీసుకోం, ఎవరి కజిన్ అయినా సరే. వానపడిన వారం టోర్నమెంటు ఉండదు, ఆ సంగతి డబ్బు కట్టే ముందే రాసి ఉంటుంది. ఒక పార్కులో పెట్టాక అక్కడే వెంటనే పెట్టం. ఒక్కో బుట్ట స్తంభాన్ని నిలపడానికి రెండు మూడు చోట్ల గొట్టాలు పాతించి, బుట్టని మార్చుతూ ఉంటాం, ఒకే చోట నేల అరిగిపోకుండా. చెట్ల మొదళ్ళలో చెక్కపొట్టు పోస్తాం. ఈ సేవలో కూడా ఒకసారి తప్పులో కాలేశాం. ఏప్రిల్‌లో మా వాలంటీర్ ఒకతను ఉత్సాహంగా రంపం తెచ్చి దారికి అడ్డొచ్చిన ఓక్ కొమ్మ కోయబోతుంటే, అదే పార్కు ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి ఆపారు. ఇక్కడ ఓక్ విల్ట్ అని బూజు తెగులు ఉంది, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మ కోస్తే ఆ పచ్చి గాయం వాసనకి పురుగులు వచ్చి తెగులు అంటిస్తాయి, అక్కణ్ణుంచి వేళ్ళ ద్వారా పక్క చెట్లకి పాకుతుంది. ఏ నెలలో కోసినా గాయానికి వెంటనే రంగు పూయాలి. సేవ చేసేవాడికి కూడా అనుమతి ఎందుకు కావాలో నాకు ఆ రోజు అర్థమైంది.

డబ్బు సంగతి. అమెచ్యూర్ విభాగాల్లో గెలిచినవాళ్ళకి నగదు ఇవ్వరు, డిస్కులూ బ్యాగులూ వోచర్లూ ఇస్తారు, ప్రో విభాగంలో ఆడి నగదు తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది. షాపులో 18 డాలర్లకు అమ్మే డిస్క్ మాకు టోకున దాదాపు సగానికి వస్తుంది, బహుమతిని షాపు ధరలో లెక్కగడతారు, ఆ తేడాతోనే టోర్నమెంటు ఖర్చులు వెళ్తాయి. మొదట్లో మిగిలిందంతా బహుమతుల్లోనే పోసేవాళ్ళం, పెద్ద బహుమతి చూపిస్తే జనం వస్తారని. ఇప్పుడు ఎంట్రీ ఫీజులో కొంత ముందే పక్కన పెట్టి కోర్సుకి ఖర్చు పెడుతున్నాం. ఇద్దరు ముగ్గురు అలిగి మానేశారు. మిగతావాళ్ళు వస్తూనే ఉన్నారు.

ఇంకో సంగతి, గల్లీ టోర్నమెంటుకి ఎవరికీ తెలియకుండా జిల్లా ప్లేయర్ని దింపే తెలివి ఇక్కడా ఉంది. దానికి పీడీజీఏ రేటింగులు పెట్టింది, పాత స్కోర్లని బట్టి ఆటగాడికి ఒక అంకె, అది పరిమితి దాటితే కింది విభాగంలో ఆడనివ్వరు. అయినా గొడవలు ఆగవనుకోండి, కాస్త తగ్గుతాయి.

పెద్దదైతే పాడైపోతుందని నేననడం లేదు. కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊరుంది, జనాభా 24 వేలు, మన లెక్కలో చిన్న టౌను. అక్కడ జరిగే టోర్నమెంటుకి వెయ్యి మందికి పైగా ఆటగాళ్ళు వచ్చిన ఏళ్ళున్నాయి. జనాన్ని పీటర్ పాన్ పార్క్, జోన్స్ పార్క్ అని వేర్వేరు కోర్సులకి పంచుతారు, ఊరి హోటళ్ళూ షాపులూ నిండుతాయి, ఊరు ఊరంతా తమ పండగ అనుకుంటుంది. ఒక్క గ్రౌండ్ మీద అంతా రుద్దరు.

ఇక మన ఊరి సంగతి. మొదటి బహుమతి లక్ష అని బస్టాండంత ఫ్లెక్సీ వేస్తారు, ఆట అయ్యాక నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించి రోలర్ తిప్పించడానికి మాత్రం డబ్బుండదు. ఇంకోవైపు అధికారుల పద్ధతి ఏమిటంటే, ఒక ఏడాది గొడవైందంటే మరుసటి ఏడాది గేటుకి తాళం, "ఆటలు నిషేధం" అని బోర్డు. తాళం వేస్తే పాడయ్యేది గ్రౌండ్ కాదు, సాయంత్రం ఆడుకునే పిల్లలు. గ్రౌండ్ ఇచ్చే ముందు డిపాజిట్ తీసుకోండి, ముందు రోజు ఫొటోలూ తర్వాతి రోజు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి, బాగుంటే తిరిగిచ్చేయండి, లేకపోతే ఆ డబ్బుతోనే బాగుచేయించండి. ఇంతకన్నా పెద్ద పథకం అక్కర్లేదు.

ఈ మాటే మా ఊరి కమిటీ కుర్రాళ్ళతో ఫోన్లో అన్నాను, మా తమ్ముడి స్నేహితులే వాళ్ళు. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. "కడతాం అన్నా, ఎవరికి కట్టమంటావు? కాలేజీ వాళ్ళని అడిగితే మున్సిపాలిటీని అడగమంటారు, మున్సిపాలిటీ వాళ్ళు కాలేజీ గ్రౌండ్ మాది కాదంటారు, రసీదు ఇచ్చేవాడే లేడు" అన్నారు. నా దగ్గర జవాబు లేక ఫోన్ పెట్టేశాను. గ్రౌండ్ డిపాజిట్ ఎవరి కౌంటర్‌లో కట్టాలో సంబంధిత అధికారులెవరైనా మీ పేజీలోనే చెబితే, వచ్చే సంక్రాంతికి మొదటి రసీదు మా కుర్రాళ్ళ చేతే తీయిస్తాను.

ఇట్లు,
ఒక ప్రవాస పాఠకుడు,
రౌండ్ రాక్, టెక్సస్