‘సర్వర్ డౌన్’ అనే ముందు గడియారం చూడండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘వాట్సాప్ వెబ్ కనెక్ట్ అవడం లేదండీ, సర్వర్ డౌన్, రేపు రండి’. ఆధార్, 1-బి, హాల్ టికెట్, ఆసుపత్రి రిపోర్టు, ఏది ప్రింటు తీయాలన్నా షాపు నంబరుకు వాట్సాప్ చేయడమే ఇప్పుడు పద్ధతి. షాపువాళ్లు దాన్ని వాట్సాప్ వెబ్‌లో, అంటే ఫోన్లోని వాట్సాప్‌నే కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, దించుకుంటారు. హిరమండలం నుంచో మందస నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి ఆ ఒక్క మాటకి రానూపోనూ చార్జీలు, ఆ రోజు కూలి పోగొట్టుకుని వెనక్కి వెళ్తున్నాడు. కంప్యూటర్ మరమ్మతు పని చేసే మేము చెప్పదలచుకున్నది ఏమిటంటే, చాలాసార్లు చెడింది సర్వరు, అంటే ఎక్కడో ఉండే వాట్సాప్ కంపెనీ కంప్యూటరు, కాదు. బల్ల మీదున్న కంప్యూటరో, గోడకున్న నెట్ బాక్సో. ఆ తేడా తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

సర్వర్లు నిజంగా పడిపోయిన రోజులు లేకపోలేదు. 2021 అక్టోబర్ 4న దాదాపు ఆరు గంటలు, 2022 అక్టోబర్ 25న రెండు గంటలకు కాస్త అటూ ఇటూ వాట్సాప్ ఆగిపోయింది. అప్పుడు ఫోన్లలో కూడా మెసేజ్ కదల్లేదు. పరీక్ష అక్కడే ఉంది. షాపు ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఎవరికైనా ఒక మెసేజ్ పంపండి. ఒక్క టిక్కు పడినా చాలు, సర్వరు బాగానే ఉన్నట్టు. ఇక వెతకాల్సింది మన దగ్గరే.

వెతికేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది స్క్రీన్ కింద కుడి మూలనున్న తేదీ, టైము. ఎక్కువమంది చూడనిదీ అదే. రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తారు. కరెంటు లేని ఆ గంటల్లో కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపేది లోపలి పెద్ద సర్క్యూట్ పలక (మదర్‌బోర్డు) మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. మూడు వోల్టులది. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పటినుంచి కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏ 2010 జనవరి ఒకటికో వెళ్లిపోతుంది. వెబ్‌సైట్ తాను అసలుదేనని చూపించే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మన కంప్యూటర్ ఇంకా 2010లోనే ఉందనుకుంటే, ఆ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదని పేజీని ఆపేస్తుంది. ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అనో, ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అనో వచ్చేది అందుకే. దాన్ని చూసి వైరస్ పట్టిందని విండోస్ మళ్లీ వేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

సరిచేయడం తేలిక. గడియారం మీద రైట్ క్లిక్ కొట్టి ‘అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్’ తెరవండి. టైమ్ జోన్ ‘చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ ఉండాలి. అది తప్పుగా ఉంటే ఎన్నిసార్లు సింక్ చేసినా, అంటే నెట్‌లోని టైముతో సరిచూసుకోమన్నా, గంటలు తేడాగానే వస్తాయి. తర్వాత ‘సెట్ టైమ్ ఆటోమేటిక్‌లీ’ ఆన్ చేసి ‘సింక్ నౌ’ నొక్కండి. తేదీ మరీ వెనక్కి ఉంటే సింక్ ఒక్కోసారి ఒప్పుకోదు. అప్పుడు చేత్తో ఈనాటి తేదీ పెట్టి మళ్లీ నొక్కాలి. ఇది ఆ పూటకే పనికొస్తుంది. మర్నాడు పొద్దున్నే అదే గొడవ మొదలైతే బ్యాటరీ మార్చాల్సిందే. పవర్ వైరు పూర్తిగా పీకి, పాత బిళ్లను పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కి తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది, ఖరీదు కూడా కొద్దిదే.

తేదీ సరిగానే ఉంటే నెట్ చూడండి. బ్రౌజర్‌లో వేరే సైటు ఏదైనా తెరుచుకుంటోందా? ఏదీ తెరుచుకోకపోతే ఫైబర్ బాక్సు మీద ‘ఎల్ఓఎస్’ అని రాసిన దీపం వైపు చూడండి. అది ఎర్రగా వెలుగుతుంటే బయట ఎక్కడో ఫైబర్ తెగిందో, వంగిందో అన్నమాట. గాలివానల కాలంలో మన జిల్లాలో ఇది మామూలే. ఆ దీపం ఆరేదాకా బ్రౌజర్‌లో ఏం చేసినా దండగ, కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేయాలి. దీపాలన్నీ బాగుండి కూడా నెట్ రాకపోతే బాక్సు ప్లగ్గు తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టండి.

వేరే సైట్లన్నీ వచ్చి వాట్సాప్ వెబ్ ఒక్కటే రాకపోతే, కంప్యూటర్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. హాట్‌స్పాట్ మీద వస్తే తప్పు షాపు నెట్ లైనులో ఉంది. కాలేజీలు, ఆఫీసుల నెట్‌వర్క్‌లలో వాట్సాప్ వెబ్‌ని కావాలనే ఆపుతారు. పేజీ వచ్చి, చాట్లు కనిపించి, పైన ‘కంప్యూటర్ నాట్ కనెక్టెడ్’ అని ఉండిపోయేది కూడా ఎక్కువగా ఇలాంటి చోటే. మామూలు వెబ్ పేజీ ఒకసారి దిగితే పనైపోతుంది. వాట్సాప్ వెబ్‌కి అలా కాదు, సర్వరుతో ఒక లింకు తెగకుండా నిలిచి ఉండాలి. ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్), వీపీఎన్ (నెట్‌ని వేరే దారిన తిప్పే యాప్), కొన్ని యాంటీవైరస్‌లు ఆ లింకును మధ్యలో తుంచేస్తాయి. హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే వీపీఎన్, బ్రౌజర్‌కి తగిలించిన చిన్న యాప్‌లు (ఎక్స్‌టెన్షన్లు) ఆపి, కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కి పేజీని కొత్తగా తెప్పించండి. అప్పటికీ రాకపోతేనే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ వెబ్ ఒక్కదాని సైటు డేటా తీసేయండి. అలా తీస్తే ఫోన్‌ని కలిపే క్యూఆర్ కోడ్ మళ్లీ స్కాన్ చేయాలి. వెళ్లకుండా గడియారం గుర్తుతో ఆగిన మెసేజ్‌లుంటే ముందే కాపీ చేసుకోవాలి.

విండోస్ 7 మీద ఇంకా నడుస్తున్న కంప్యూటర్లు మన షాపుల్లో చాలా ఉన్నాయి. వాటిలో క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. ఈ పాత బ్రౌజర్లు ఈ రోజు పనిచేసినా, ఏదో ఒక రోజు ఆగిపోయేవే.

క్యూఆర్ దగ్గర జరిగే పొరపాటు వేరు. డబ్బులు పంపే యాప్ స్కానర్‌తో దాన్ని స్కాన్ చేస్తున్నారు. అది పనిచేయదు. ఫోన్లో వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు, ‘లింక్డ్ డివైసెస్’, ‘లింక్ ఎ డివైస్’ అని వెళ్లాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో ఉంటుంది. క్యూఆర్ కొద్దిసేపటికి మారిపోతుంది కాబట్టి పాతబడితే రీలోడ్ నొక్కండి. ఫోన్ కెమెరా పాడైతే ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యే దారి కూడా ఉంది. స్క్రీన్ మీద ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్లో కొట్టాలి. ఎవరో ఫోన్ చేసి ‘ఈ కోడ్ కొట్టండి’ అంటే మాత్రం కొట్టకండి. కొట్టారా, మీ చాట్లన్నీ వాళ్ల కంప్యూటర్‌లో తెరుచుకుంటాయి.

లింకు కలిశాక మొదటిసారి పాత చాట్లు ఫోన్ నుంచే రావాలి. అవి దిగేదాకా ఫోన్లో వాట్సాప్ తెరిచే ఉంచండి. ఆ తర్వాత ఫోన్ ఆపేసినా వెబ్ నడుస్తుంది. ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫై మీద ఉండాలన్నది అపోహ. నాలుగు డివైస్‌ల దాకా కలుపుకోవచ్చు. ఫోన్లో పద్నాలుగు రోజులు వాట్సాప్ వాడకపోతే అన్నీ లాగౌట్ అవుతాయి. మూయగానే అన్నీ మరిచిపోయే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచినా, చెత్త తుడిచే సాఫ్ట్‌వేర్ రోజూ కుకీలు (బ్రౌజర్ దాచుకునే లాగిన్ గుర్తులు) తీసేస్తున్నా లింకు నిలవదు. కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబర్ 28న ఇచ్చిన ఆదేశాల్లో వెబ్ వెర్షన్లు ఆరు గంటలకు మించకుండా లాగౌట్ కావాలని కూడా ఉంది. కాబట్టి షాపు నంబరున్న ఫోన్ యజమాని జేబులో ఇంటికి వెళ్లిపోతే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు ఏమీ చేయలేడు. ఆ ఫోన్ షాపులోనే ఉండాలి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. వెబ్ రావడం లేదని ఫోన్లో వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకోకండి. వెబ్ సమస్యకి అది మందు కాదు. కలిపిన డివైస్‌లన్నీ ఊడిపోతాయి, చివరి బ్యాకప్ తర్వాతి చాట్లు పోతాయి. పోయినవాటిని మేము కూడా తేలేము.

షాపుల వాళ్లకు మరో విన్నపం. వచ్చినవాళ్ల వాట్సాప్‌ని మీ కంప్యూటర్‌లో కలపకండి. ఫైలు షాపు నంబరుకు తెప్పించుకుని, ప్రింటు తీశాక డౌన్‌లోడ్స్‌లోంచి కూడా తీసేయండి. ఎవరైనా ఇప్పటికే కలిపి ఉంటే తమ ఫోన్లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, ఆ కంప్యూటర్ పేరు మీద నొక్కి లాగౌట్ కొట్టాలి.

ఇవన్నీ చేసినా ఆ రోజుకు వెబ్ రాలేదనుకుందాం. కౌంటర్ దగ్గర ఒక టైప్-సీ కేబుల్, ఒక పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్ పెట్టుకోండి. ఫోన్ కలిపి, నోటిఫికేషన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటే కాగితం కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. దానికి నెట్టూ అక్కర్లేదు, సర్వరూ అక్కర్లేదు. మందస మనిషి మధ్యాహ్నం బస్సుకే ఇంటికి వెళ్లగలడు.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పనివారు,
శ్రీకాకుళం