సూడోమోనాస్‌లో అన్నభేది కలపొద్దు

సంపాదకులకు,

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు వంగ, టమాట, మిరప నార్లు పోసే రైతులకు సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి (నారు కుళ్లును ఆపే మేలు బాక్టీరియా) కొత్తేమీ కాదు. అది వేసినా నారు కుళ్లు ఆగలేదన్న మాట కూడా కొత్త కాదు. పొడి నాసిరకమైతే అలా జరగొచ్చు. కానీ మంచి పొడిని కూడా మనమే పనిచేయకుండా చేస్తున్న సందర్భాలున్నాయి, ముఖ్యంగా అందులో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపినప్పుడు. వాటి గురించే ఈ లేఖ.

ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగునిచ్చేది ఇనుమే. మన ఎర్ర నేలల్లో ఇనుముకు కొదవలేదు. అయితే అది తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్లలో కరగదు. నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఒక్క అంకె పెరిగితే కరిగిన ఫెర్రిక్ (తుప్పులో ఉండే రూపం) ఇనుము సుమారు వెయ్యి రెట్లు తగ్గిపోతుంది. అందుకని సూక్ష్మజీవులు సిడరోఫోర్లు అనే చిన్న అణువులను బయటికి వదులుతాయి. ఇవి ఇనుమును పీత డెక్కలతో పట్టినట్టు పట్టి కణంలోకి చేరుస్తాయి. సూడోమోనాస్ వదిలే పయోవెర్డిన్ అలాంటి సిడరోఫోరే. వేరు చుట్టూ ఉన్న కొద్దిపాటి ఇనుమునూ అది లాగేసుకుంటే నారును కుళ్లబెట్టే ఫ్యుజేరియం వంటి శిలీంద్రాలకు, వాటిని పోలిన పిథియంకు మిగలదు, వాటి బీజాలు మొలకెత్తలేవు. అమెరికాలో క్లోపర్ బృందం ఈ సంగతిని 1980లో నేచర్ పత్రికలో చూపింది.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇనుము పుష్కలంగా దొరికితే ఈ బాక్టీరియా పయోవెర్డిన్ తయారీని ఆపేస్తుంది. కణంలో ఫర్ అనే ప్రొటీన్ ఇనుముతో జతకట్టి ఆ జన్యువులను మూసేస్తుంది. అంటే, ఆకులు పసుపెక్కాయని అన్నభేదిని, కుళ్లు ఆగాలని సూడోమోనాస్‌ను ఒకే డ్రమ్ములో కలిపి మొదళ్లలో పోస్తే, శిలీంద్రానికి మేత పెట్టి మన కాపలావాడి చేతులు కట్టేసినట్టే. రెండూ వేర్వేరుగా వాడాలి. లేత ఆకులు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయాలి. నిమ్మ ఉప్పు మానేస్తే ద్రావణం కాసేపటికే తుప్పు రంగు తిరిగి అడుగుకు దిగిపోతుంది, ఆకుకు అందదు. సూడోమోనాస్‌ను కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టించాలి, లేదా ఎకరాకు కిలో పొడిని 20 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి తేమ ఉన్న నేలలో చల్లాలి. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ వంటి మందులను దీంతో కలపకూడదు. అవి బాక్టీరియానూ చంపుతాయి. బ్లీచింగ్ వాసన వచ్చే కుళాయి నీళ్లూ పనికిరావు.

అన్ని నేలల్లోనూ ఈ ఇనుము పోటీ పనిచేస్తుందని చెప్పలేం. పీహెచ్ 6 కంటే తక్కువైతే ఇనుము అందరికీ దొరుకుతుంది, పోటీ పలచబడుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలోనూ అంతే, అక్కడ ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగే ఉంటుంది. అక్కడ సూడోమోనాస్ మేలు చేస్తే అది దాని యాంటీబయాటిక్‌ల వల్ల, మొక్కలో అది రేపే రోగనిరోధక శక్తి వల్ల. కాబట్టి భూసార పరీక్ష కార్డులో పీహెచ్ అంకె చూశాకే పొడి కొనడం మంచిది.

ఇంకో హద్దు కూడా ఉంది. ఒక జీవి వదిలిన సిడరోఫోర్‌ను వేరే జీవి వాడుకోగలదు, అప్పుడు ఈ పోటీ ఫలించదు. తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే తలసీమియా పిల్లల వైద్యులకు ఇది బాగా తెలుసు. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. ఆ ఇనుమును తీసే డెస్‌ఫెర్రియాక్సమిన్ ఇంజెక్షన్ కూడా స్ట్రెప్టోమైసిస్ అనే నేల బాక్టీరియా ఇచ్చిన సిడరోఫోరే. చిన్న పంపుతో చర్మం కిందికి 8 నుంచి 12 గంటలపాటు, వారానికి 5 నుంచి 7 రోజులు ఎక్కిస్తారు. మూత్రం ఎర్రబారితే కంగారు పడనక్కర్లేదు, ఇనుము బయటికి పోతోందని అర్థం. జ్వరం, కడుపునొప్పి వస్తే మాత్రం మందు ఆపి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. యెర్సీనియా బాక్టీరియా, మ్యూకర్ జాతి బూజులు ఈ మందు పట్టిన ఇనుమును తినేస్తాయి.

మళ్లీ పొడి దగ్గరికి వద్దాం. నిబంధనల ప్రకారం గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలుండాలి. ఎండ తగిలే దుకాణపు అరలో నెలల తరబడి ఉన్న సంచిలో అన్ని మిగలవు. దీన్ని తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, మైక్రోబయాలజీ ఉన్న ఏ డిగ్రీ కళాశాలైనా చాలు. గ్రాము పొడిని పదేసి రెట్ల చొప్పున ఐదుసార్లు పలుచన చేసి, 0.1 మి.లీ. కింగ్స్ బీ అనే బాక్టీరియా పెంచే మాధ్యమం మీద పరిచి 28 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచాలి. పొడి మంచిదైతే దాదాపు వంద కాలనీలు (బాక్టీరియా గుంపులు) వస్తాయి. చీకట్లో 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పసుపుపచ్చగా మెరిసేవే మనకు కావలసినవి, ఆ మెరుపు పయోవెర్డిన్‌దే. పక్కన మరో పళ్లెంలో లీటరుకు 27 మిల్లీగ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి పెంచితే ఆ మెరుపు మాయమవుతుంది. అన్నభేది ఎందుకు కలపకూడదో విద్యార్థికీ రైతుకూ ఒకేసారి కంటికి కనబడుతుంది. సిడరోఫోర్ ఉంటే నీలిరంగు పళ్లెంలో నారింజ వలయం కనబడే కాస్ పరీక్ష చేసేవారు గాజుసామానును ముందురోజు రాత్రి 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి స్వేదనజలంతో కడగాలి. గాజుకు అంటిన ఇనుము ఆ వలయాన్ని కప్పేస్తుంది.

రైతు సేవా కేంద్రాలకు వచ్చే ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్‌ను దగ్గర్లోని కళాశాలకు పంపి, వచ్చిన సంఖ్యను కేంద్రం బోర్డు మీద రాయించాలని వ్యవసాయ శాఖ అధికారులను కోరుతున్నాం. ప్యాకెట్ మీద తయారీ తేదీ పక్కనే ‘అన్నభేది, రాగి మందులతో కలపరాదు’ అన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఖరీఫ్ నార్లు పోసేలోపే ఇది జరగాలి.

– కొందరు మైక్రోబయాలజీ అధ్యాపకులు, విశాఖపట్నం