కిటికీ నెత్తిన సందు మూయనివ్వకు

గుంటూరు,
శనివారం రాత్రి

చిన్నమ్మడూ,

అమెరికాలో మీ షార్లెట్ ఇంటి బయటి గోడలకి సిమెంటు బోర్డులు కొడుతున్నారని నువ్వు పంపిన ఫోటోలు పదకొండూ చూశాను. ఫోన్‌లో చెబుదామంటే సగం వినకుండానే "సరే నాన్నా, మీటింగ్ ఉంది" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. సోమవారం మళ్లీ పనివాళ్లు వస్తారన్నావు కదా, ఈలోపు చదువు.

నాలుగో ఫోటోలో కిటికీ నెత్తి మీద వంచిన రేకుపట్టీ ఒకటి ఉంది చూడు. దానికీ, పైనున్న సిమెంటు బోర్డుకీ మధ్య సందుని పనివాడు తెల్లటి సీలెంట్‌తో, అంటే సందులు మూసే గమ్ముతో, నింపేశాడు. వేలితో రుద్ది నున్నగా కూడా చేశాడు పాపం. అదే తప్పు. అక్కడ పావు అంగుళం ఖాళీగా వదిలెయ్యాలి. నువ్వు పంపిన బోర్డు కంపెనీ పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు.

తాతయ్యగారి పెంకుటిల్లు గుర్తుందా? పెంకు పరచడం ఎప్పుడూ చూరు దగ్గర మొదలై కొప్పు దగ్గర ముగుస్తుంది. పై వరస కింది వరస మీదికి ఎక్కాలి. తాటాకు నేసినా అంతే. ఏ గమ్ములూ లేకుండానే వానాకాలాలు గడిచిపోయేవి. మీ షార్లెట్ గోడ కూడా నిలబెట్టిన పెంకుటి కప్పే అనుకో. పై బోర్డు కింది బోర్డు మీదికి కనీసం అంగుళంపావు రావాలి. అయినా గాలివానకు ఎక్కడో ఓచోట బోర్డు వెనక్కి నీళ్లు పోతాయి, పోనీ. వెనక గోడకు తడి తగలకుండా చుట్టిన గుడ్డ మీద జారి, కిటికీ నెత్తిన ఉన్న రేకు మీద పడి, ఆ సందులోంచి బయటికి వచ్చేస్తాయి. సందు మూసేస్తే ఇక వాటికి దారేది?

ఈ పాఠం నాకు మన ఇంట్లోనే తెలిసింది. 2010 మేలో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, నువ్వు సెలవులకి ఇంట్లోనే ఉన్నావు. అంతకుముందు ఏడాదే వెనక గది కిటికీ ఫ్రేము చుట్టూ నాలుగు వైపులా సిలికాన్ గమ్ము పెట్టి, ఇక చుక్క రాదని మీ అమ్మ దగ్గర గొప్పలు పోయాను. సజ్జ గోడలో కలిసే చోట వెంట్రుకంత పగులుంది. నీళ్లు అందులోంచి దిగి ఫ్రేము వెనక చేరాయి. కింద నేను మూసేశాను కాబట్టి బయటికి పోలేక గదిలోకి వచ్చాయి. మీ అమ్మ పాత చీరలన్నీ పరిచింది. మర్నాడు కింది సిలికాన్ చాకుతో కోస్తే గ్లాసుడు నీళ్లు కారాయి. అప్పటికి నేను కట్టించిన ఇళ్లు నలభై పైనే, ఎవరితో చెప్పుకోను!

పైగా మన ఇటుక గోడ తాగిన నీళ్లని గుంటూరు ఎండ నాలుగు రోజుల్లో పీల్చేస్తుంది. మీ గోడ లోపల ఉన్నది కర్ర, చెక్కబోర్డు. తడి నిలిస్తే పుచ్చుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల సంగతి ఏళ్ల తరబడి తెలియదు.

మిగిలిన రెండు కిటికీలు ఇంకా బిగించలేదన్నావు. అక్కడ దగ్గరుండి చూడు. ముందు గోడలో కిటికీ కూర్చునే ఖాళీకి అడుగున తడి ఆగే టేపు వెయ్యాలి. తర్వాత కిటికీ పెట్టి, పక్కలకి టేపు, ఆఖర్న పైన. పైన గోడగుడ్డ మడత ఆ టేపు మీదికి దిగాలి, కిందికి దూరకూడదు. బిగించాక కిటికీ కింది అంచు మీద మాత్రం టేపు వెయ్యనివ్వకు, ఒకవేళ లోపలికి నీళ్లొస్తే పోయే దారి అదే. సీలెంట్ అసలు వద్దని కాదు. బోర్డుకీ కిటికీ పక్క చట్రానికీ మధ్య సన్నగా సందు వదిలి, అక్కడ పెట్టించు.

బోర్డు కోసిన ప్రతి అంచుకీ రంగు పడాలి. ఈ బోర్డు మన పాత సిమెంటు రేకుకి చెల్లెలు లాంటిది, రాతినార (ఆస్‌బెస్టాస్) బదులు ఇందులో చెక్కగుజ్జు నార కలుపుతారు. కోసిన చోట రంగు లేకపోతే నీళ్లు పీలుస్తుంది. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, అందులో ఇసుక పొడి ఉంటుంది. బుడ్డోణ్ణి ఆ ఛాయలకి పోనివ్వకు.

మేస్త్రీతో గొడవ పడకు. నలుగురి ముందు తప్పు చూపిస్తే ఏ మేస్త్రీ అయినా మొండికేస్తాడు, గుంటూరులో అయినా షార్లెట్‌లో అయినా. మేస్త్రీని పక్కకి తీసుకెళ్లి పుస్తకంలో ఆ పేజీ చూపించమని అల్లుడుగారికి చెప్పు. సీలెంట్ కోసి తియ్యడం అరగంట పని. తీశాక గొట్టంతో నీళ్లు కొట్టి చూడండి, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. లోపల ఒకళ్లు టార్చి పట్టుకుని నిలబడాలి. మొదటే పైన కొడితే నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదు.

అమ్మ పంపిన గోంగూర పచ్చడి అందిందా? రెండు వారాలైంది, రోజూ అడుగుతోంది. నాలుగో ఫోటోలోని కిటికీని మళ్లీ దగ్గర నుంచి తీసి పంపు. ఆ సందులో నాకు చీకటి కనపడాలి.

నాన్న